దూప తీరిన ద్రాక్షతోట

పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. మూడేళ్ల కింద మా చెల్లె లక్ష్మి, ఆమె మగడు రాజన్న కాగజ్‌నగర్ దగ్గర తమ వరిపొలం తీసేసి, ఎర్రవైన్ ద్రాక్ష పెట్టారు. నాసిక్ కంపెనీ ఒకటి తన పేరుమోసిన వైన్‌కు వాళ్ల పండ్లు పనికొస్తాయో లేదో ఆ రోజే తేల్చబోతోంది. "కంపెనీ సారు పన్నెండింటికి వస్తుండు, నువ్వు పక్కనుండు బావా" అని రాజన్న రెండుసార్లు ఫోన్ చేశాడు.

పెద్దపల్లిలో ఎనిమిదింటి రైలు తొమ్మిదిన్నరకు వచ్చింది. ఇడ్లీ చల్లగా, చట్నీ నీళ్లనీళ్లగా ఉంది. రైల్లో పక్కనున్న పెద్దాయన నా పని విని నవ్వాడు. "గల్లికో వైన్స్ ఉండంగ కాగజ్‌నగర్ దాక పోతున్నవా సారూ?"

నాకు నవ్వు రాలేదు. దిగాక, పదో మనిషి ఎక్కేదాకా ఆటో కదల్లేదు.

ఆ వైన్‌కు ఒక షరతుంది. కోతకు నెల ముందు నుంచి తోటకు నీళ్లు బంద్. చెట్టు దూపతో, అంటే దాహంతో, ఉంటేనే పండులో రసం చిక్కబడుతుందట. నేను చేరేసరికి సారు నాలుగు పండ్లు పిండి, చుక్క రసం తీపి కొలిచే గొట్టంలో వేసి ఎండకు పట్టి చూస్తున్నాడు. నా చెప్పు బురదలో దిగబడింది.

"నీళ్లు పెట్టారా?" అని సారు అడిగాడు.

"లే సార్, మోటర్ బంద్ చేసి నెలాయె" అన్న రాజన్న, కిందికి చూసి ఆగిపోయాడు.

లక్ష్మి ముందుకొచ్చింది. "నేనే పెట్టిన సార్, మూడు తడులు. గీయిన ఊళ్లె లేనప్పుడు. ఆకులు వాడిపోతుంటే సూసుకుంట బువ్వెట్ల మింగుడువడ్తది?"

"రసం పలచబడింది. పెద్ద వైన్‌కు రాదు, తక్కువ ధరకు చిల్లర సరుకులో తీసుకుంటాం" అని సారు వెళ్లిపోయాడు. రాజన్న గట్టు మీద కూలబడ్డాడు.

నాకు ఒళ్లు మండింది. "నీళ్లు పెట్టొద్దని కాగితం మీద రాసిచ్చిన్రు గదనే!" అని అరిచాను.

"వరి ఏసినోళ్లం అన్నా. చెట్టుకు దూప పెట్టుడు మాకు రాదు."

సాయంత్రం రైలు కూడా ఆలస్యమే. మూడేళ్ల చాకిరీ మూడు తడుల్లో పోయిందని ప్లాట్‌ఫారం మీద కూడా, సాగనంపడానికి వచ్చిన చెల్లెను తిడుతూనే ఉన్నాను. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి నీళ్ల సీసా అందించింది. "తొవ్వల దూపయితది అన్నా."

మంచిర్యాల దాకా పంతంతో మూత తీయలేదు. తర్వాత గటగటా తాగేశాను. తోట చూడాలనుకునేవాళ్లు పొద్దుటి రైలును నమ్మకండి. తోట మాత్రం అందంగా ఉంది, ఉండకూడనంత పచ్చగా ఉంది. వచ్చే ఏడూ లక్ష్మి నీళ్లు పెడుతుంది. ఆమెను ఆపడం నాసిక్ వాళ్ల తరం కాదు, నా తరమూ కాదు.