నా గ్లవ్ చేసిన ఔట్

నేను ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాణ్ణి కాబోతున్నానని చెప్పినప్పుడు మా లేబర్ క్యాంపులో ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే ముందు అదేమిటో తెలియాలి కదా. నా పక్క మంచం అన్న మాత్రం కాసేపు ఆలోచించాడు. ఆయనది జగిత్యాల వైపు, క్రేన్ నడుపుతాడు.

"అంటే క్రికెట్ల దీసుకోలేదా నిన్ను?"

నా క్రీడా జీవితాన్ని ఇంత క్లుప్తంగా ఇంకెవరూ చెప్పలేదు.

నిజానికి నేను క్రికెట్ వైపు చూడనే లేదు. నిజామాబాద్ జిల్లాలో మా బడి పీఈటీ సారు నన్ను తొమ్మిదో తరగతిలోనే పట్టుకున్నారు. "క్రికెట్ల నీ ముంగట కోటిమంది లైన్ల నిలవడ్డరు. బేస్‌బాల్ల ఎవ్వడు లేడు. ఆడు, సర్టిఫికెట్ వస్తది, స్పోర్ట్స్ కోటాల నౌకరి వస్తది" అన్నారు. ఆట మీద అంత పవిత్రమైన ప్రేమతో నేను మైదానంలో అడుగుపెట్టాను. సర్టిఫికెట్లు నాలుగు వచ్చాయి. నౌకరీ కూడా వచ్చింది, కాకపోతే దుబాయ్ అవతల ఉమ్ అల్ క్వైన్‌లో, అల్యూమినియం కడ్డీలు కోసే ఫ్యాక్టరీలో. అక్కడ సర్టిఫికెట్లు చూపించమని ఎవరూ అడగలేదు.

నేను ఆడే చోటును షార్ట్‌స్టాప్ అంటారు. పరుగు తీసేవాడు వరసగా తాకాల్సిన మెత్తలే బేస్‌లు; రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఉంటుంది. నేలబారుగా దూసుకొచ్చే బంతిని ఎడమచేతి గ్లవ్‌తో ఆపి, కొట్టినవాడు మొదటి బేస్ చేరేలోపు అక్కడికి విసరాలి. సరిగ్గా చేస్తే ఎవరూ గమనించరు, తప్పు చేస్తే అందరూ గమనిస్తారు. ఇంట్లో కొత్త కోడలి ఉద్యోగం లాంటిది.

మా బడిలో గ్లవ్స్ తొమ్మిదే ఉండేవి. మాతో ఆడటానికొచ్చే బడికి అవీ ఉండేవి కావు. అందుకని ముగ్గురు ఔటై వంతు మారగానే, గ్లవ్ తీసి మనం నిలబడ్డ చోటే నేల మీద బోర్లా పెట్టి రావాలి. అవతలి జట్టువాడు వచ్చి అది తొడుక్కుంటాడు. బోర్లా ఎందుకంటే లోపల దుమ్ము పడకూడదు. గ్లవ్ చేతికే ఉంచుకుని బయటికొచ్చినవాణ్ణి దొంగను చూసినట్టు చూసేవాళ్లం.

2020లో క్యాంపు గేట్లు మూసేసినప్పుడు నేను రోజూ గోడకు టెన్నిస్ బంతి కొట్టి పట్టుకునేవాణ్ణి. గోడ అవతలి గదివాళ్లు హిందీలో మా వంశాన్నంతా తలుచుకునేవాళ్లు. గేట్లు తెరిచాక దుబాయ్‌లోని డేరాలో ఒక వ్యాపారి సరదాకి పెట్టిన జట్టులో చేరాను. ఆయన సరదా ఒక్క చలికాలంలోనే ఖలాస్. ఆ తర్వాత చేరిన రెండో జట్టు నన్ను ఇంకో జట్టుకు రెండు డబ్బాల బంతులకు బదులుగా ఇచ్చేసింది. బంతులు కొత్తవేనని తెలిసి కొంత ఊరట చెందాను. ఈలోగా మా ఫ్యాక్టరీ సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. బెంచీ మీద నా చోటు మాత్రం మారలేదు.

ఆ తర్వాత, నిజంగా జీతమిచ్చి ఆడించే జట్టు ఒకటి నన్ను పిలిచింది. మనవాళ్లు చూడ్డానికి రావాలంటే మనవాడి ముఖం ఒకటి ఉండాలని వాళ్లకెవరో సలహా ఇచ్చారట. మూడు వారాల శిక్షణ. చివర్లో షార్ట్‌స్టాప్‌కు ఒక్కరినే ఉంచుకుంటారు. మా ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజరు, సెలవు కాగితం మీద సంతకం పెడుతూ, నేను తిరిగి రాకపోతే చాలా సంతోషిస్తానన్నాడు. ఆయన నన్ను అంతగా ప్రోత్సహించడం అదే మొదటిసారి.

వెటకారం కాసేపు పక్కన పెడతాను. ఆ చోటు నాకు కావాలి. నా జీవితంలో ఇంకేదీ అంతగా కావాలనుకోలేదు. నాకప్పుడు ముప్పై రెండేళ్లు, ఇంకో పిలుపు రాదని తెలుసు.

నాకు పోటీగా కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. వయసు నాకంటే ఎక్కువ. ఏడు దేశాల్లో ఆడాడట, ఎక్కడా రెండో ఏడాది ఉంచుకోలేదట. అతన్ని చూసి నాకు ధైర్యం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

చివరి రోజు మమ్మల్నే రెండు జట్లుగా చేసి ఆడించారు. అతనొక వైపు, నేనొక వైపు. డేరాలో పనుందనే సాకుతో అన్న కూడా వచ్చి, ఇస్త్రీ చొక్కాతో గట్టు మీద కూర్చున్నాడు. ఆఖరి ఇన్నింగ్స్. అవతలివాళ్లు ఒక్క పరుగు ముందున్నారు, ఇద్దరు ఔటయ్యారు. నా ఎడమ పక్కకు కొట్టిన బంతి గులకరాయి తగిలి పైకి లేచింది. ఎలా అందుకున్నానో తెలియదు, మోకాలి మీద నుంచే మొదటి బేస్‌కు విసిరాను. మూడో ఔట్. మూడు వారాల్లో మొదటిసారి కోచ్ నన్ను చూసి తల ఊపాడు.

అదే నా కొంప ముంచింది. ఆ సంతోషంలో ఒళ్లు తెలియలేదు. గ్లవ్ తీసి, నిలబడ్డ చోటే బోర్లా పెట్టి, చేతులు దులుపుకుంటూ బయటికి నడిచాను.

పది అడుగులు వేశాక నవ్వులు వినిపించాయి. అక్కడ ఎవరి గ్లవ్ వాళ్లదే. కొందరైతే తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటారు. తీసుకుందామని వెనక్కి తిరిగేసరికి అతను అక్కడికి చేరుకున్నాడు. అతనొక్కడే నవ్వలేదు. గ్లవ్ వైపు, నా వైపు చూశాడు. తన ఖరీదైన గ్లవ్‌ను బెంచీ వైపు విసిరేసి, వంగి నాది తొడుక్కున్నాడు. అరచేతిని మోకాలి ఎత్తున పెట్టి చూపిస్తూ గుండె తట్టుకున్నాడు. చిన్నప్పుడు మాకూ ఇంతే అని. ఆ క్షణంలో వాణ్ణి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు బ్యాటింగ్ మాది. మావాళ్లు ఇద్దరు ఔటయ్యారు, ఒకడు రెండో బేస్ మీద ఉన్నాడు. నా వంతు వచ్చింది. జీవితంలో నేనంత శుభ్రంగా ఎప్పుడూ కొట్టలేదు. బంతి రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యగా మనిషెత్తున వెళ్తోంది. అతను గాల్లోకి పక్కకు దూకి చెయ్యి చాచాడు. బంతి నా గ్లవ్ కొసన, కిందటి నెల నేనే దారంతో కుట్టిన చోట చిక్కుకుంది. మూడో ఔట్ నేనే, ఆట అయిపోయింది. ఆ కుట్టు కొంచెం నాసిరకంగా వేసి ఉంటే జారిపోయేది. నా పనితనం మీద నాకు కోపం రావడం అదే మొదలు.

అతను లేచి, బంతి తీసేసి, గ్లవ్‌ను అదే చోట బోర్లా పెట్టి వెళ్లాడు. నేను వెళ్లి తొడుక్కున్నాను. లోపల వెచ్చగా, వాడి చెమటతో తడిగా ఉంది. బడిలో ప్రతి గ్లవ్ అలాగే ఉండేది.

కోచ్ అతని పేరు చదివాడు. నా దగ్గరికి వచ్చి నా ప్రవర్తన చాలా బాగుందని మెచ్చుకున్నాడు. ఉద్యోగం ఇవ్వనివాళ్లకు మన ప్రవర్తన ఎప్పుడూ నచ్చుతుంది.

తిరుగు బస్సులో షార్జా వచ్చేదాకా అన్న బిస్కెట్లు తింటూ కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుత తమ్మీ, ఏమనుకోకు. నువ్వు గా గ్లవ్ ఆడ వెట్టకపోతే వానికి బాల్ దొర్కకపోవు గదా?"

"ఏమో అన్నా. వాని గ్లవ్‌తోని గూడ వడుతుండె గావచ్చు."

"మల్లొకసారి ఆడుతె, మల్ల ఆడ్నే వెడ్తవా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను.

"వెడ్తనే గావచ్చు."

"గందుకే నిన్ను క్రికెట్ల దీసుకోలే" అంటూ అన్న మిగిలిన బిస్కెట్లు నా చేతిలో పెట్టాడు.

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. గ్లవ్ ఒళ్లోనే ఉంది, లోపలి తడి ఇంకా ఆరలేదు.