సజ్దాలో జారని పిస్తోలు

మొన్న రియాద్ మెట్రోలో పని నుంచి గదికి వస్తుంటే నా ఎదురుగా ఒక సౌదీ కుర్రవాడు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వేసుకున్న తోబు, అంటే ఇక్కడి మగవాళ్ళు మెడ నుంచి మడమల దాకా తొడుక్కునే తెల్లటి అంగీ, ఇస్త్రీ నలగకుండా ఉంది గానీ, కుడిపక్క మాత్రం రవ్వంత కిందికి లాగుతోంది. ఆ లాగుడు చూడగానే నా గుండె ఝల్లుమంది. అతనేమో తాపీగా జేబులో చెయ్యి పెట్టి, ఫోనుకు ఛార్జింగు ఎక్కించే బరువైన డబ్బా ఒకటి తీసి వైరు తగిలించుకున్నాడు. నాలో నేనే నవ్వుకున్నాను, కానీ దిగాల్సిన స్టేషను దాటిపోయిన సంగతి చాలాసేపటికి గాని తెలియలేదు.

ఈ దేశంలో తల నెరిసిపోయింది కానీ ఈ చూపు మాత్రం నన్ను వదల్లేదు. ఎదురుగా నలుగురు వస్తుంటే అందరూ ముఖాలు చూస్తారు, నేను భుజాలు చూస్తాను. దీని వెనక, ఉత్తరాన హాయిల్ పట్నంలో నేను ఎరిగిన ఒక ముసలాయన ఉన్నాడు. ఫోను కార్డు కొనుక్కుని, బూతు ముందు వరసలో నిలబడి, ఇంటివాళ్ళ గొంతు విని కళ్ళు తుడుచుకున్న మన తరంవాళ్ళకైతే ఆ సంగతి చెప్పుకోవచ్చు. ఇప్పటి పిల్లలకు చెబితే ముసలోడికి చాదస్తమంటారు.

అప్పుడు నేను హాయిల్ లో మా అక్క మొగుడి దర్జీ దుకాణంలో ఉండేవాణ్ణి. దుకాణం పేరుకు కఫీల్ ది, అంటే మా వీసాలకు పూచీ ఉన్న సౌదీ యజమానిది, కష్టం మాది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో లాగులూ చొక్కాలూ కుట్టిన చేతికి ఈ పొడుగు అంగీ ఎంత పనిలే అనుకుంటూ వచ్చాను గానీ, మా బావ నా చేత మొదటి నెలంతా కుట్టినదాన్ని విప్పించడమే సరిపోయింది. ఆయన పద్ధతే వేరు. గిరాకీ వస్తే నిలబెట్టి కొలతలు తీసి ఊరుకునేవాడు కాదు, చాప మీద కూర్చోబెట్టేవాడు, నమాజులో వంగినట్టు వంగమనేవాడు, సజ్దాలో నుదురు నేలకు ఆనించినట్టు ఆనించమనేవాడు. తిండీ, ముచ్చటా, పంచాయితీ అన్నీ నేలమీదే జరిగే దేశంలో నిలబడ్డ మనిషికి సరిపోయే అంగీ ఎందుకు పనికొస్తుందని ఆయన వాదన. పక్క దుకాణాల పాకిస్తానీ దర్జీలు నవ్వేవాళ్ళు, అయినా ముసలివాళ్ళంతా మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

అలా వచ్చినవాడే ఆ గోధుమ పొలాల ముసలాయన. అక్కడ పెద్దకొడుకు పుట్టాక తండ్రిని కొడుకు పేరుతోనే పిలుస్తారు, మనవైపు ఫలానావాళ్ళ నాయిన అన్నట్టు. ఆయన కొడుకు నాసర్, అందుకని ఆయన అందరికీ అబూ నాసర్. ఆ కొడుకు బట్టలు కూడా మేమే కుట్టేవాళ్ళం. వెడల్పాటి ఛాతీ, టేపు చుట్టగానే చక్కిలిగింతలు పెట్టినట్టు మెలికలు తిరిగి నవ్వేవాడు, ఏనాడూ కొలత సరిగ్గా ఇచ్చిన పాపాన పోలేదు. ఊళ్ళో మా నాయిన పోయినప్పుడు కాగితాలు చేతికి రాక నేను ఆఖరిచూపుకు వెళ్ళలేకపోతే, ఈ ముసలాయన వరసగా మూడు రోజులు వచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఓదార్పు మాటలేమీ లేవు, ఉత్తగా కూర్చున్నాడు. కట్టె కాలేదాకా ఆ రుణం మరిచిపోను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నాసర్ ను చంపేశారు. పక్క పొలంవాళ్ళతో నీళ్ళ మోటారు దగ్గర వంతు కోసం మాటామాటా పెరిగి, ఆ ఇంటి కుర్రవాడు కత్తి తీశాడు. వాడూ దూరపు చుట్టమే, ఇరవై కూడా నిండని పిల్లవాడు. అక్కడి న్యాయంలో ప్రాణానికి ప్రాణం. చచ్చినవాడి తండ్రి క్షమించానంటేనే చంపినవాడు బతుకుతాడు. జైల్లో ఉన్న ఆ కుర్రవాడి ప్రాణం ఈ ముసలాయన నోటిమాట మీద వేలాడుతుంటే, బజారంతా ఆయన ముఖం వంకే చూసేది. నాకేమో ఆయన్ని అబూ నాసర్ అని పిలవడానికి నోరు రాలేదు, చాచా అనడం మొదలుపెట్టాను. ఆయన రెండుసార్లు ఊరుకుని మూడోసారి, పాత పేరుతోనే పిలవమన్నాడు. నువ్వూ అనకపోతే వాడి పేరు ఇంకెవరంటారని అడిగాడు.

ఒక మధ్యాహ్నం ఆయన గుడ్డసంచీ ఒకటి పట్టుకొచ్చి, తలుపు దగ్గరికి వెయ్యమని, మూడు పిస్తోళ్ళు బల్లమీద పెట్టాడు. రెండు చుట్టాల దగ్గర చూడటానికి తెచ్చినవి, ఒకటి అమ్మకానికి వచ్చినది. గుళ్ళు తీసేసి ఉన్నాయి. లైసెన్సు ఉందని తనే చెప్పాడు. తోబు కింద ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు, ఏది నప్పుతుందో మీరే చూసి దానికి తగ్గ జేబు పెట్టండి అన్నాడు. పొలం దూరం, దారి మంచిది కాదు అని ఒక మాట కలిపాడు గానీ, ఆ దారి ఎక్కడికో బావకూ నాకూ తెలుసు. కుర్రవాడి వంశంవాళ్ళు క్షమాభిక్ష అడగడానికి పెద్ద కూటం పెడుతున్నారని అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది.

నేను బావను లోపలికి పిలిచి, ఇది మనం కుట్టొద్దన్నాను. బావ నా వైపు చూడకుండానే సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు.

“మనం కుట్టకుంటె పక్క దుకాణంల కుట్టిచ్చుకుంటడు. మన తాన కుట్టిచ్చుకుంటె, అది ఏడ వెట్టుకున్నడో మనకన్న ఎరుకుంటది. కొలతలు దీస్కో, నోరు మూస్కో.”

అప్పుడు జరిగింది ఇప్పటికీ నా కళ్ళముందు ఆడుతుంది. మొదటిది పెద్దది. ఆయన తొడుక్కున్న తోబు జేబులో వెయ్యగానే మెడపట్టీ వంకరపోయి, బొత్తాల వరస పక్కకు జరిగింది. రెండోది గుండ్రటి పొట్ట ఉన్న రివాల్వరు, నిలబడితే ఫరవాలేదు గానీ కూర్చుంటే పొత్తికడుపు దగ్గర గుడ్డ ఉబ్బింది, పైగా దాని వెనక కొక్కెం జేబు మూతి దారానికి తగులుకుంది. మూడోది బల్లపరుపుగా, ఆయన అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. అది వేసుకుని కూర్చున్నాడు, లేచాడు, మా చాప మీద మోకరిల్లి నుదురు నేలకు ఆనించాడు. అంతకు ముందు పెద్దది ఆ సజ్దాలో జారి ఠంగుమని నేలమీద పడింది, ఇది పడలేదు. అది పడుతుందో లేదో చూడ్డానికే అయినా ఆయన తల వెంటనే ఎత్తలేదు. వీపు మాత్రం కదులుతోంది. బావ సుద్దముక్క పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కుడిపక్క లోపల మందపాటి కాన్వాసు వేసి, బరువు భుజం మీదికి పోయేలా పట్టీ తిప్పి జేబు పెట్టాం. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు, కుట్టిన మాకు మాత్రం రవ్వంత లాగుడు కనిపిస్తుంది.

కూటం నాడు మాకు ముద్ద దిగలేదు. సాయంత్రానికి కబురు వచ్చింది. అవతలి వంశంలో పెద్దలందరూ వచ్చి, తలమీది గుడ్డలూ నల్లతాళ్ళూ తీసి ఆయన కాళ్ళముందు కుప్పగా పడేసి నిలబడ్డారట. వాళ్ళ ఆచారంలో అంతకన్న వంగడం ఇక లేదు. ఆయన చాలాసేపు ఆ కుప్పను చూసి, దేవుడి కోసం వదిలేశానన్నాడట. బావ ఆ రోజు బజారులో అందరికీ చాయ్ తాగించాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అక్కడితో కథ కంచికి పోవాల్సింది. కానీ ముసలాయన తర్వాత కుట్టించుకున్న ప్రతి తోబుకూ అదే జేబు పెట్టమన్నాడు. ఏళ్ళు గడిచాయి, వచ్చిన ప్రతిసారీ కుడిపక్క ఆ రవ్వంత లాగుడు ఉంటూనే ఉంది. క్షమించిన మనిషికి అది దేనికి? ఈ ప్రశ్న నన్ను తినేసేది.

ప్రాణం దక్కినా సర్కారు వేసిన జైలుశిక్ష అనుభవించి ఆ కుర్రవాడు విడుదలయ్యాడు. పెళ్ళి కుదిరిందట, మేనమామతో కలిసి మా దుకాణానికే వచ్చాడు. నేను టేపు వాడి ఛాతీకి చుట్టి ఉండగా తలుపు తెరుచుకుని ముసలాయన లోపలికి వచ్చాడు. నేను చూసింది ముఖం కాదు, కుడిభుజం. ఆ లాగుడు ఉంది. నేను టేపు విప్పి పక్కకు జరిగాను. కుర్రవాడు ముందుకు వెళ్ళి, పెద్దవాళ్ళకు చేసినట్టు వంగి ఆయన నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. ఆ వంగడంలో వాడి ఛాతీ ఆ జేబుకు తగిలింది. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముసలాయన వాడి వీపు మీద చెయ్యి వేసి, వెంటనే వదలకుండా కాసేపు అలాగే పట్టుకుని, నావైపు చూశాడు.

“ఛాతీ దగ్గర కాస్త వదులుగా పెట్టు. నాసర్ కు పెట్టినట్టు.”

అంతే, తన బట్టలు తీసుకుని వెళ్ళిపోయాడు. కుర్రవాడు ఆ పెళ్ళి తోబు తీసుకోవడానికి మళ్ళీ రాలేదు. ఎక్కడో తూర్పు సముద్రం ఒడ్డున, రాస్ తనూరాలో ఏదో కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరి, ఊరు వదిలేశాడని విన్నాం.

బావ ఇంటికి వెళ్ళిపోయి, కఫీల్ దుకాణం మూసేశాక, నేను రియాద్ కు వచ్చేముందు పొలానికి వెళ్ళి ముసలాయన్ని కలిశాను. ఇక మళ్ళీ చూస్తానో లేదోనని ధైర్యం చేసి, ఆ జేబు ఇంకా ఎందుకని అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు. గిన్నెలో గహ్వా, వాళ్ళ అరబ్బు కాఫీ, పోసి నా చేతికిచ్చాడు.

“అందరి ముందు క్షమించడం ఒక్క పూట పని, బిడ్డా. చేతిలో ఏమీ లేనివాడు క్షమిస్తే ఎంత, క్షమించకపోతే ఎంత. ఇది నా దగ్గర ఉండాలి. ఉండి, అయిదు పూటలా నేల మీద తల పెట్టి, వద్దు అనుకోవాలి. రోజూ అనుకుంటున్నాను.”

మరి ఆ పిల్లవాడు దాన్ని చావు అనుకుని పారిపోయాడు కదా, వాడికి ఈ మాట తెలియదు కదా అన్నాను. ఆయన నా గిన్నె తీసుకుని మళ్ళీ నింపాడు.

“తెలుసు. వాడినీ కొంచెం మొయ్యనివ్వు.”

ఇప్పుడు హాయిల్ లో మా దుకాణం లేదు, ఫోన్లు అమ్ముతున్నారట. నేను ఒక మాల్ లో రెడీమేడ్ తోబుల అంచులు పొట్టి చేస్తుంటాను. బట్ట పిన్ను పెట్టుకుని వస్తుంది, మనిషి రాడు. కూర్చోమని, వంగమని అడిగే పని లేదు, ఎవరి కడుపులో ఏముందో తెలిసే దారీ లేదు. అప్పట్లో ఆ తెలియడమే భయపెట్టేది, ఇప్పుడు అది లేక దిగులుగా ఉంటుంది. ముసలాయన పోయాడని హాయిల్ నుంచి వచ్చినవాళ్ళెవరో చెప్పారు. పోయేదాకా ఆయన ఆ పిస్తోలు బయటికి తియ్యలేదు, ఎవరి మీదా ఎత్తలేదు. ఆ సంగతి రాస్ తనూరాలో ఉన్న మనిషికి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.