సన్నం చేసే చెయ్యి

నందిగామలో ఫోటో అందంగా రావాలంటే భవానీప్రసాద్ స్టూడియోకే వెళ్ళమనేవారు. తొంభైల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు మాపిన ఆ చెయ్యి, కంప్యూటర్ వచ్చాక మౌస్ పట్టింది. తెరమీద మౌస్‌తో నెమ్మదిగా లోపలికి నెడితే చాలు, నడుము నీళ్ళలో నీడలా కదిలి సన్నబడేది. వెనకున్న గుమ్మం మాత్రం వంగేది కాదు. అదీ ఆయన పనితనం.

2005 వేసవిలో జగ్గయ్యపేట కిరాణా వ్యాపారి రాధాకృష్ణమూర్తి, కూతురు చందనతో వచ్చాడు. భార్య బాలామణి పోయి తొమ్మిది రోజులు. పెద్దకర్మకు పటం కావాలి. లావుగా ఉన్నానని ఆవిడ ఏనాడూ కెమెరా ముందుకు రాలేదు. జబ్బుతో చిక్కిపోయాక, "సన్నబడ్డాగా, ఇప్పుడు తీయించండి" అని నవ్విందట. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

"మా ఆవిడ ఇలా ఉండదండీ. ఎప్పట్లా నిండుగా ఉండేట్టు చెయ్యండి."

లోపలికి నెట్టడమే తెలిసిన చెయ్యి. బయటికి లాగమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బుగ్గలు, భుజాలు, చేతులు అన్నీ ఒకే తీరుగా పెంచాడు.

"ఇదేంటండీ, ఆస్పత్రిలో ఒళ్ళు నీరు పట్టినట్టుంది!" మూర్తి మొహం తిప్పుకున్నాడు.

చెరిపాడు. లాగాడు. మళ్ళీ చెరిపాడు. తెరమీద ఆవిడ నిలవదు, కుర్చీలో మూర్తీ నిలవడు.

చందన లేచి, ఫోటోలో తల్లి కూర్చున్నట్టే స్టూలు మీద కూర్చుంది.

"నన్ను చూసి చెయ్యండి. ఒళ్ళంతా అమ్మ పోలికే. నా పెళ్ళిచూపుల ఫోటోలో ఈ చేతులు సగానికి కోసేసింది మీరేగా?"

"మీ అమ్మగారే చెప్పారమ్మా..."

"తెలుసులెండి. అమ్మ కంగారు అమ్మది."

సిగ్గుపడుతూనే చూశాడు. భుజం సన్నమే. లావంతా మోచేతికి పైన. జాకెట్టు చేతి అంచు దగ్గర కండ కాస్త పొంగింది. మెడ కింద రెండు మడతలు. మణికట్టు చిన్నది. ఆ చోట్లే, ఒక్కో పిసరు లాగాడు. వదులై జారిన గాజుల్ని చేతికి పట్టేలా పైకి జరిపాడు.

మూర్తి తెర దగ్గరికి వంగాడు. "వచ్చావా బాలా," అన్నాడు మెల్లగా.

భవానీప్రసాద్‌కు మాత్రం కుదురు లేదు. ఆవిడ ఇలా కనపడటం ఇష్టం లేకేగా ఫోటో దిగనిది! ఒక్క గీత లోపలికి నెడితే? మౌస్ నడుము దాకా వెళ్ళింది.

చందన గబుక్కున ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

"ఇంకేం కదపకండి. నాన్న చూస్తున్నారు."