ఆటో వద్దు, బస్సులో పోతా

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్టు పెట్టుకోకూడదని మా సంఘంలో చిన్నప్పటి నుంచీ నేర్పారు కాబట్టి నేను ఒట్టేశానని మా ఆవిడకి చెప్పకండి గానీ, కుడి చెయ్యి బైబిలు మీదా, ఎడమ చెయ్యి ప్రింటరు మీదా పెట్టి మరీ చెబుతున్నాను, ఒక్క మాట కల్పించలేదు.

ఆ రోజుల్లో, అంటే నాకు పెళ్లయిన కొత్తల్లో, ఇంట్లో ప్రింటరు ఉందంటే ఇంటాయన తెలివైనవాడని లెక్క. మా తోటపల్లి గూడూరులో మాకు తెలిసిన ఇళ్లల్లో ఉన్నవన్నీ రంగుల ఇంకు ప్రింటర్లే. వాటిని ప్రింటర్లనడం మర్యాద కోసం. కొన్న కొత్తలో పిల్లల ఫోటోలు వేసి ఊరంతా పంచుతారు. తర్వాత ఎండాకాలం వస్తుంది, లోపల ఇంకు ఎండిపోతుంది, ఒక్క నీలం తప్ప రంగులన్నీ పోతాయి, ఇక ఆ ఇంట్లో పుట్టినరోజు చేసుకునే ప్రతి బిడ్డా సిరాబుడ్డిలో పడి లేచినట్టు కనబడతాడు. ఆఖరికి దాని మీద పూల గుడ్డ కప్పి, పైన టీవీ రిమోటు పెట్టుకుంటారు. (రిమోటు పెట్టుకోవడానికి అంతకంటే ఖరీదైన బల్ల నేను చూడలేదు.) ఆ చవట యంత్రాల్నీ వాటి యజమానుల్నీ చూసి నవ్వుకునేవాణ్ణి. నేనంటూ కొంటే లేజరుది కొంటాను, నలుపు తెలుపు చాలు, కాగితానికి రెండు వైపులా వేసేది, డూప్లెక్స్ అంటారు, అది కొంటాను, అదీ తక్కువలో కొంటాను అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి.

చిక్కంతా ఆ చెప్పడంతోనే వచ్చింది. మా మామగారు జువ్వలదిన్నెలో సంఘపెద్ద. ఆయన నన్ను ఏనాడూ అల్లుడు అనలేదు, ఎవరో దారినపోయే మనిషిని అన్నట్టు 'ఆయప్ప' అనేవారు. నేను ఎదురుగా కంచం ముందు కూర్చుని ఉన్నా సరే కూతురితో, "ఆయప్పని ఇంకొంచెం పులుసు పోసుకోమను" అనేవారు. కారణం, పెళ్లిచూపుల్లో నేను పెన్నకి వరదొచ్చినప్పుడు సంగం ఆనకట్ట దగ్గర ఈదానని చెప్పడం. (నాకు ఈత రాదని ఆయనకి పెళ్లయ్యాక తెలిసింది.) ఆ ఏడు ఉజ్జీవ కూటాలకి, అంటే సంఘం పెట్టే ప్రార్థన సభలకి, పాటల పుస్తకాలు ఎక్కడ వేయించాలా అని పెద్దలు కూర్చుని మాట్లాడుతుంటే నా నోరు ఊరుకోలేదు. "ప్రెస్సు ఎందుకు, మా ఇంట్లో వేసేస్తా, రెండు పక్కలా" అన్నాను. అప్పటికి మా ఇంట్లో ప్రింటరు లేదు. మామగారు నా వైపు కాకుండా పాస్టరు అయ్యగారి వైపు తిరిగి, "సరే, ఆయప్ప మాట నమ్మి ప్రెస్సుకి చెప్పకుండా ఉంటాం. రేపు జనం చేతులు కట్టుకోని కూర్చుంటే నన్నడగొద్దు" అన్నారు. అంటే పుస్తకాలు వస్తే అల్లుణ్ణి, రాకపోతే జన్మంతా ఆయప్పనే.

నెల్లూరు పోయాను. మొదటి కొట్లో "డూప్లెక్స్ ప్రింటరు ఉందా?" అని అడగ్గానే యజమాని వక్కపొడి నమలడం ఆపేశాడు. "డూప్లికేట్ మాలు మా కాడ ఉండదు సార్. అంతా ఒరిజినలే. మనిషిని చూస్తే పెద్దమనిషి మాదిరుండారు" అని తల అటు తిప్పుకున్నాడు. రెండో కొట్లో ఆయన "డూప్లెక్సా, రండన్నా, కూర్చోండి" అని కూల్‌డ్రింకు తెప్పించి, బల్ల మీద ఇంటి ప్లాను పరిచాడు. ఆయన బామ్మర్ది ఇళ్లు కట్టి అమ్ముతాడట. "కింద హాలు, పైన రెండు బెడ్రూములు, మెట్లు లోపల్నించే" అని వేలితో చూపిస్తుంటే, "అన్నా, నాక్కావాల్సింది ప్రింటరు" అన్నాను. "దానికేందన్నా, పైన బోలెడు జాగా" అన్నాడు. ఇలాంటివాళ్ల చేతుల్లో కంప్యూటర్లు పెట్టారు కదా అని ఈసడించుకుంటూ, కూల్‌డ్రింకు మాత్రం పూర్తిగా తాగి బయటపడ్డాను.

మూడో కొట్లో టై కట్టుకున్న సేల్సాయన ఉన్నాడు. "కలర్ లేకుండా ఏందన్నా, ఇంత చదువుకోని" అని మొదలుపెట్టబోతే ఒక్క చూపు చూశాను. నోరు మూసుకుని పక్కపక్కనే రెండు లేజరు డబ్బాలు చూపించాడు. రెండూ డూప్లెక్సే, ఒకటి ధర ఎక్కువ, ఒకటి తక్కువ. "ఆటో కావాలా సార్, మాన్యువల్ కావాలా?" అని అడిగాడు. నాకు ఆ మనిషి మీద జాలేసింది. ప్రింటరు ధరలో ఆటో కిరాయి కలిపి గుంజుదామని చూస్తున్నాడు, అదీ నా దగ్గర. "ఆటో వద్దయ్యా, బస్సులో పోతా. మాన్యువల్ మాత్రం తప్పకుండా ఇవ్వు, ఇంటికెళ్లి చదువుకోవాలి" అన్నాను. ఆయన "సరే సార్" అని తక్కువ ధరది కట్టి ఇచ్చాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కాయనకి దారి పొడుగునా ఆటో మోసం గురించి వివరించాను. ఆయన తను దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాడు.

ఇంట్లో పెట్టి బటను నొక్కితే కాగితానికి ఒక వైపు వేసి ఆగింది. ఇప్పుడు తిప్పుతుందని మా ఆవిడా నేనూ ఎదురుగా కూర్చుని చూశాం. తిప్పలేదు. మాన్యువల్ తెరిస్తే అందులో ఒక చెయ్యి బొమ్మ ఉంది, ఆ చేతిలో కాగితం ఉంది, పక్కన వంకర బాణం ఉంది. "అంటే మనమే తిప్పాలా?" అంది మా ఆవిడ. "తిప్పే అవకాశం మనకిచ్చారు" అన్నాను. మొదటి కాగితం ఎలా తిప్పానో గానీ చక్కగా వచ్చింది. ఆ ధైర్యంతో అన్ని పుస్తకాలకీ ముందు వైపులన్నీ వేసి, కట్టంతా ఒక్కసారే తిరగేసి పెట్టాను. వెచ్చగా వస్తున్న కాగితాల్ని పిన్నులు కొడుతూ మా ఆవిడ, "వెనకపక్క ఒకసారి చూసినారా?" అంది. "చూసుకోవడం మిషను పని, పిన్ను కొట్టడం నీ పని" అన్నాను.

జువ్వలదిన్నెలో సముద్రం ఒడ్డున షామియానా వేశారు. పుస్తకాలు పంచారు, జనం లేచి నిలబడ్డారు, పల్లవి అందుకున్నారు, మొదటి చరణం అయింది, ఆకు తిప్పారు. రెండో చరణం తలకిందులుగా ఉంది. పాట ఆగిపోయింది. హార్మోనియం మాత్రం కాస్త దూరం పోయి, వెనక ఎవరూ రావడం లేదని తెలిసి అదీ ఆగింది. అప్పుడు నేను పంచె సర్దుకుని, నిదానంగా నడిచి వెళ్లి మైకు తీసుకుని, "పుస్తకం తిప్పండి" అన్నాను. అందరూ ఒక్కసారే తిప్పారు. ప్రతి ఆకుకీ తిప్పారు. మూడో పాటకల్లా తబలా దెబ్బకి సరిగ్గా తిప్పడం వచ్చేసింది. ఆ గాలికి రేవులో కట్టేసిన బోట్లు కూడా మొహం అటు తిప్పుకున్నాయి.

ఇందులో కల్పించింది ఒక్కటే ఉంది, అదీ చెప్పేస్తాను. బోట్లు కాదు, అవి నిజంగానే తిరిగాయి. మైకు దగ్గరికి వెళ్లింది నేను కాదు. నేను అప్పటికే జనరేటరు వెనక నక్కి, తోటపల్లి గూడూరుకి బస్సు ఎప్పుడుందా అని ఆలోచిస్తున్నాను. మైకు తీసుకున్నది మామగారు. గొంతు సవరించుకుని, "పుస్తకం తిప్పండి. ఆకు తిప్పినప్పుడల్లా తిప్పండి. మా అల్లుడు వేసినాడు" అన్నారు. జనరేటరు మోతలో సరిగ్గా విన్నానో లేదోనని మా ఆవిణ్ణి చాలాసార్లు అడిగాను. అదే మాటంట.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ఆటోదే. కాగితాన్ని సగం బయటికి తోసి, మళ్లీ లోపలికి లాక్కుని, తనే తిప్పుకుంటుంది. ఒక్క ఆకూ తలకిందులు కాదు, వెధవది. దాన్ని కొన్న రోజున కొట్టు ముందు ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకాయన "యాడికి సార్, ఎక్కండి" అని కూడా అన్నాడు. ఎందుకో ఎక్కబుద్ధి కాలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులోనే వచ్చాను.