కళ్లానికి ఆకుపచ్చ రంగు

ఊళ్లకు కూడా రంగులు వేస్తారన్న సంగతి ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు. ఊరు దాని మానాన అది పెరిగేది. పెద్దవాడికి పెళ్లయితే ఒక గది, చిన్నవాడికి పెళ్లయితే ఇంకో గది, గొడ్లు పెరిగితే ఒక పాక, గొడ్లు తగ్గితే ఆ పాకలో వంటచెరకు. అరవైల చివర్లో మా టౌనుకి (పేరెందుకు లెండి, శ్రీకాకుళానికీ రాజాంకీ మధ్య ఎక్కడో అనుకోండి) మాస్టర్ ప్లాను తయారుచేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేనప్పుడే మునిసిపాలిటీలో ట్రేసరుగా చేరాను. ట్రేసరంటే పెద్దలు గీసిన గీతల మీద పల్చటి గుడ్డ పరిచి అవే గీతలు మళ్లీ గీసేవాడు. సొంత గీత ఒక్కటీ గీయకుండా జీతం తీసుకునే ఉద్యోగం కాబట్టి ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ చొక్కా జేబు మీద ఇంకు మరక వేసుకుని (కొన్నిసార్లు మరక దానంతట అది పడకపోతే నేనే సాయం చేసేవాణ్ణి) ఊరంతా నా చేతిలో ఉన్నట్టు తిరిగేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

మా సెక్షనుకి పెద్ద డ్రాఫ్ట్‌మన్‌గారు. ఆయన్ని అందరూ రంగులాయన అనేవారు. పటం మీద ఇళ్లుండే చోటుకి పసుపు, అంగళ్లకి నీలం, మిల్లులకి ఊదా, పార్కులకీ ఆటస్థలాలకీ ఆకుపచ్చ వేయాలని నాకు నేర్పింది ఆయనే. ఆ నెలల్లో కౌన్సిలర్లంతా మా గదిలోనే ఉండేవారు. తమ వీధికి ఏ రంగు పడుతోందో తొంగి చూసి, టీ తాగి వెళ్లేవారు. ఒకాయనైతే తన బియ్యం మిల్లుకి వేసిన ఊదారంగు మరీ దిగులుగా ఉందనీ, కాస్త ఎరుపు కలిపి వేయమనీ అడిగాడు. అంతా బాగానే ఉంది గానీ పటం మీద ఆకుపచ్చ ఎక్కడా లేదు. ఇంతమంది జనం ఉంటే ఇంత ఖాళీ జాగా ఉండి తీరాలని రూలు. "పరువు పోయేలా ఉందోయ్, ఎక్కడైనా కాస్త పచ్చన వెతుకు" అని రంగులాయన రోజూ తల పట్టుకునేవాడు. కిటికీలోంచి చూస్తే ఊరి చుట్టూ కనుచూపు మేర పొలాలే. కానీ అవి పొలాలు కాబట్టి లెక్కలోకి రావట.

అప్పుడు మా ఆఫీసు వాళ్ల కన్ను మా మేనత్తగారి వీధి వెనక ఉన్న కళ్లం మీద పడింది. అది పాతకాలపు రైతుల వీధి. టౌను పెరుగుతూ పెరుగుతూ వచ్చి దాన్ని మింగేసింది గానీ వాళ్లు మాత్రం వ్యవసాయం మానలేదు. ఇళ్లన్నీ ఒకే కప్పు కింద, గోడకి గోడ ఆనుకుని, ముందు ఒకటే పొడుగాటి అరుగుతో ఉండేవి. ఈ కొసన ఎవరైనా తుమ్మితే ఆ కొసనుంచి "సల్లగుండు" అని వినపడేది. ఆ వీధి ధాన్యమంతా కోతల తర్వాత ఆ కళ్లంలోకే వచ్చేది. వరిపనలు గుండ్రంగా పరిచి, ఎడ్లని పక్కపక్కన వరసగా బంతికట్టి వాటి మీద తిప్పుతూ ఉంటే గింజలు రాలేవి. ఆ పని కాస్తా అయిపోయాక మిగతా సంవత్సరమంతా అది ఖాళీయే. నాలుగు గడ్డికుప్పలు, ఆరబెట్టిన పిడకలు, మేకలు. కాగితాల్లో సర్కారు పోరంబోకు, వాడుకలో వీధి వాళ్లది. తాతల నాటి నుంచి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఎండాకాలంలో ఒకనాడు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడనీ, ఆ ఖాళీ జాగా స్వయంగా చూసి పార్కు సంగతి తేలుస్తాడనీ తెలిసింది. నేను సైకిలెక్కి పరుగున అత్త దగ్గరికి వెళ్లాను. అత్త అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. మా వైపు ఆడవాళ్లకి అది మామూలే. సంగతంతా చెప్పి, "అత్తా, కళ్లం ఎలా ఉందో అలాగే ఉంచండి. వీలైతే ఇంకో రెండు కుప్పలు వేయండి. బళ్లు తోలుకొచ్చి పెట్టండి, గొడ్లన్నీ అక్కడే కట్టండి. అది వాడుకలో ఉందని ఆయనకి కనపడాలి" అని బతిమాలాను.

అత్త చుట్ట తీసి నావైపు జాలిగా చూసింది. "ఏటిరా అల్లుడా, సదువుకున్నావు గానీ నీకు మర్యాద తెలీదేటి? అంత దూరంనుంచి పెద్దబాబు వస్తంటే పేడలో నిలబెడతామేటి? మన ఈది పరువేటి కావాల?"

"పరువు కాదత్తా, కళ్లం పోతుంది."

"కళ్లం ఎక్కడికి పోతాదిరా? కాళ్లున్నాయేటి దానికి? మంచిగ సూసి, మంచి మాట సెప్పి ఎల్తాడు. నువ్వు కంగారు ఒగ్గేయ్."

పక్కనే ఉన్న మావ, అంటే అత్త మొగుడు, ఏదో అనబోయాడు గానీ అత్త కళ్లెత్తి చూసేసరికి గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. (మావ జీవితంలో ముఖ్యమైన మాటలన్నీ ఆ సవరింపులోనే పోయాయి.)

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, అది కళ్లంలా లేదు. వీధిలో ఆడవాళ్లంతా కలిసి కళ్లాన్ని ఊడ్చి, పేడనీళ్లతో అలికి, ఈ చివరనుంచి ఆ చివరదాకా ముగ్గులు పెట్టారు. గడ్డికుప్పలు దొడ్లలోకి మోయించేశారు. పిడకల జాడ లేదు, మేకలెక్కడో తెలియదు. మామిడాకు తోరణం కింద చైర్మన్‌గారింటినుంచి తెచ్చిన కుర్చీ ఒకటి వేశారు. నేను ఆగలేక పక్కనున్న ఎడ్లబండి ఒకటి కాడి పట్టుకుని కళ్లంలోకి ఈడ్చాను. ముగ్గు మీద చక్రాల జాడ పడగానే అత్త చీపురు తిరగేసింది. "ఒరే, ముగ్గు తొక్కినావేటిరా! బైటికి లాగు, బైటికి!" అత్త కొడుకులూ, వాళ్ల ఈడు కుర్రాళ్లూ నవ్వుతుండగా నేను ఈడ్చిన బండిని నేనే మళ్లీ బయటికి ఈడ్చుకున్నాను. అప్పుడే జీపు వచ్చి ఆగింది. ఆఫీసరుకి నేను మొదట కనిపించింది బండికి కట్టాల్సిన ఎద్దు స్థానంలో.

ఆయన మంచివాడే. ఆ మాట ఇప్పటికీ అంటాను. కొబ్బరినీళ్లు తాగి, కళ్లం చుట్టూ చూసి కళ్లు మెరిసిపోగా, "ఎంత శుభ్రమైన ఖాళీ స్థలం! ఇంత బాగా చూసుకునే వాళ్లకి పార్కు ఇవ్వకపోతే ఎవరికిస్తాం?" అన్నాడు చైర్మన్‌గారితో. తర్వాత ఆ ఇళ్ల వరస వైపు చూసి, జనం మరీ కిక్కిరిసి ఉన్నారనీ, ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండాలనీ, గాలి ఆడాలనీ వివరించాడు.

"అన్నదమ్ముల మద్దిన సందెందుకు బాబూ?" అంది అత్త. "అయినా గాలి కావాలంటే కళ్లంలోకే కదా వస్తాం."

"అందుకేనమ్మా, ఇక్కడ పార్కు వస్తుంది. పూలమొక్కలు వేస్తారు. పొద్దునా సాయంత్రం అందరూ చుట్టూ తిరగొచ్చు."

అత్త కళ్లాన్ని ఒకసారి చుట్టూ చూసింది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. "ఎడ్లు తిరిగితే గింజలు రాలతాయి బాబూ. మనుసులు తిరిగితే ఏటి రాలతాది?"

జీపులో వచ్చిన వాళ్లంతా నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, ఆరోగ్యం అన్నాడు. అత్త మర్యాదకోసం తల ఊపింది.

మరో వారానికి రంగులాయన కుంచె నా చేతికిచ్చి ఆ చోటుకి ఆకుపచ్చ పూయమన్నాడు. పూశాను. తర్వాత ప్లాను మీద అభ్యంతరాలు వినే రోజున వీధంతా ఉతికిన బట్టలు కట్టుకుని మునిసిపల్ హాలుకి వచ్చింది. మావ జీవితంలో మొదటిసారి గొంతు సవరించుకున్నాక కూడా మాట్లాడాడు. అది మా కళ్లం బాబూ, అది నేకపోతే పంట ఎక్కడ నూర్సుకోవాల అని అడిగాడు. నిత్యం వాడుకునే కళ్లమైతే అంత శుభ్రంగా ఎలా ఉందయ్యా అని కౌన్సిలరొకాయన అడిగాడు. వెనకనుంచి అత్త లేచి, "మీరొస్తన్నారనే తుడిసినాం బాబూ" అంది. హాలంతా గొల్లున నవ్వింది. పటం పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డ నేను మాత్రం నవ్వలేకపోయాను. అత్త ఆ నవ్వులకి అర్థం తెలియక, తనేదో తప్పు మాట అన్నానేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ ముఖం నేను ఈ జన్మకి మరిచిపోను.

ఆ ఏడు కోతలకి ముందే కళ్లం చుట్టూ కంచె పడింది. పార్కు మాత్రం పడలేదు. లోపల తుమ్మలూ జిల్లేళ్లూ మనిషెత్తు పెరిగాయి. వీధి వాళ్లు వరిపనల్ని రోడ్డు మీద పరిచి, రాజాం బస్సు చక్రాల కింద నూర్చుకున్నారు. అన్నంలో ఇసుక తగులుతోందని మావ మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత ఎడ్లనే అమ్మేశాడు, ఆపైన పొలాన్ని కౌలుకిచ్చాడు. కొడుకులకి పెళ్లిళ్లయితే పక్కకి పెరగడానికి చోటు లేక, ఉన్న గదులకే మధ్యన తడికలు కట్టారు. గాలి ఆడాలన్న ప్లాను వచ్చాకే ఆ ఇళ్లలో మొదటిసారి గాలి ఆడకుండా పోయింది. అత్త నన్నొక్క మాట అనలేదు. వీధికి ఏ ఆఫీసరు వస్తున్నాడన్నా ముందుగా చీపురు తీసి అటక మీద దాచేసేది, అంతే. పోయేదాకా ఆ అలవాటు మానలేదు.

ఎన్నో ఏళ్లకి ఆ పార్కు నిజంగానే వచ్చింది. సిమెంటు బెంచీలు, గుండ్రంగా నడకదారి, మధ్యలో మెత్తటి గడ్డి, దాని మీద 'గడ్డి తొక్కరాదు' అని బోర్డు. ఒకప్పుడు ఎడ్లచేత తొక్కించడానికే గడ్డి పరిచిన చోటది. రోజూ నడవకపోతే లాభం లేదని డాక్టరు బెదిరించాక నేనూ పొద్దున్నే అక్కడికే వెళుతున్నాను. రిటైరైన వాళ్లమంతా ఒకరి వెనక ఒకరం, తలలు వంచుకుని, ఒకటే దిక్కుగా తిరుగుతుంటాం. మొన్నొకరోజు ఆయాసం వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. దగ్గర్లో ఎవరూ లేరని చూసుకుని, "ఏటీ రాలలేదత్తా" అన్నాను పైకే. నా గొంతులో ఆ యాస విని చాలా రోజులైంది, నాకే నవ్వొచ్చింది. కాసేపు కూర్చుని, లేచి ఇంకో చుట్టు మొదలుపెట్టాను.