మెటల్ సీ, అసెంబ్లరూ, గద్వాల పెళ్లి పంక్తీ

వనపర్తిలో మా మేడమీద గదిలో కూర్చుని, హైదరాబాదులో ఉన్న ఒక బ్యాంకు పెద్ద కంప్యూటరును, అంటే మెయిన్‌ఫ్రేమ్‌ను నేను కాపాడుతుంటాను. తుపాకీ లేదు గానీ మీసం ఆ స్థాయిలోనే ఉంచాను. యంత్రంలోకి వచ్చే ప్రతి పనినీ వాకిట్లోనే ఆపి, ఏ వరుసలో నిలబడాలో చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటుంది. యంత్రం సొంత భాషకు పక్కింటిదైన అసెంబ్లర్‌లో రాసింది నేనే. చదవగలిగినవాణ్ణి భూగోళం మీద నేనొక్కణ్ణే. అందుకే నా ఉద్యోగానికి ఢోకా లేదు. అందుకే నాకు సెలవూ లేదు. మా మరదలి పెళ్లిలో తలంబ్రాల వేళ ఫోనొస్తే, చీరల మూటల గదిలో దూరి లాప్‌టాప్ తెరిచాను. బయటికొచ్చేసరికి పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లి, నా అంచనా ప్రకారం, ఇద్దరు పిల్లల్ని కూడా కనేసింది.

ఈమధ్య ఆ ప్రోగ్రామును తిరగరాయాల్సి వచ్చింది. ఏ కంప్యూటరు భాషలో రాయాలో నా ఇష్టమేనన్నారు బ్యాంకువాళ్లు. సరిగ్గా అప్పుడే గద్వాలలో మా బావమరిది కూతురి పెళ్లి కుదిరింది. మా ఆవిడ అక్కడి నేతింటి ఆడబిడ్డ.

"ఈ లగ్గంల గూడ ఫోనొచ్చిందనుకో, నిన్నూ నీ డబ్బానూ మగ్గం గుంతల వేసి మన్ను కప్పుత" అంది.

మామూలు సీ భాష కొత్తల్లుడి లాంటిది. ఒంటరిగా రాదు, వెంట లైబ్రరీలనే రెడీమేడ్ ప్రోగ్రాముల పటాలం దిగాలి. వాకిట్లో ఉండే ప్రోగ్రాముకు అంత జాగా ఎక్కడిది? ఆ సీలోనే ఇంకో రకం, మెటల్ సీ, అలా కాదు. భుజాన తువాలు వేసుకుని వస్తుంది, నేలమీద పడుకుంటుంది, పైగా చేసే పని నలుగురికీ అర్థమయ్యేలా చెబుతుంది. నన్ను భయపెట్టింది ఆ చివరి గుణమే. నా టీములో బల్మూర్ ఊరామె ఒకరున్నారు, మెటల్ సీ ఆమెకూ వచ్చు.

"అసెంబ్లర్ల రాస్తె ఒక్క బైటు గూడ దండుగ పోదమ్మా" అన్నాను ఆమెతో.

"బైట్లు ఎవరడిగిండ్రు సార్? మీరు పెండ్లికి పోతరా, పోరా?"

"పోవాలె."

"ఐతే నాకు సమజయ్యే దాంట్ల రాయుండ్రి."

రాశాను. చేతులు ఊరుకుంటాయా? మధ్యలో గుప్పెడు అసెంబ్లర్ లైన్లు చొప్పించాను. యంత్రం అప్పటికప్పుడు లెక్కలు పెట్టుకునే పదహారు మడులుంటాయి, రిజిస్టర్లంటారు. అవి మా తాత పొలమన్నట్టు దున్నడం నాకు అలవాటు. ఒక మడిలో, సీని యంత్రానికి అనువదించే కంపైలర్ అప్పటికే నారు పోసుకుందని చూసుకోలేదు. పరీక్షల్లో ఏమీ బయటపడలేదు.

పెళ్లిలో పంక్తిలో కూర్చోగానే ఫోను మోగింది. మా ఆవిడ చూసిన చూపుకు విస్తట్లో పులుసు మళ్లీ మరిగింది. బల్మూర్ ఆమె. పనులన్నీ తప్పుడు వరుసల్లో నిలబడ్డాయట. నేను లేచి ఖాళీ గది కోసం వెతుకుతుండగానే ఆమె అంది:

"దొరికింది సార్. మీ అసెంబ్లర్ లైన్లు ఒక రిజిస్టర్ను ఖరాబ్ చేస్తున్నయ్. ఆ ముచ్చట మీరు కంపైలర్‌కు చెప్పలే. నేను చెప్పిన. ఇప్పుడు మంచిగ నడుస్తున్నది."

"మరి నాకెందుకు ఫోన్ చేసినవ్?"

"మీ ప్రోగ్రాంల చెయ్యి పెట్టిన గద. చెప్పకుంటె బాగుండదని."

"జర ఆగు, నేనొకసారి చూస్త."

"మీరు లీవ్‌ల ఉన్నరు సార్. సోమవారం చూడుండ్రి."

పెట్టేసింది. ఆ యంత్రం తరఫు ఫోనును నాకన్నా ముందు ఎవరో పెట్టేయడం నా చరిత్రలో అదే మొదలు.

"ఏందట?" అంది మా ఆవిడ.

"నేను లేకున్నా నడుస్తదట."

"మంచిగాయె. కూసో, బక్షాలు వస్తున్నయ్."

కూర్చున్నాను. ఆ బొబ్బట్లను దిగులుగానే తిన్నాను. నా దిగులుకు ఎన్ని బక్షాలు పడతాయో తెలిశాక, వడ్డించేవాడు నా వరుస రాగానే పళ్లెం వీపు వెనక దాచుకుని నడిచాడు.