ఒకటింపావుకి మార్చిన ఫాక్సు

ఈ రోజుల్లో ఇంకా ఫాక్సేంటండీ అని నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వండి. మా కలంకారీ షెడ్డులో అద్దిన బట్ట కొనేది జపాన్‌లో ఒక చిన్న కంపెనీ. ఎన్ని మెయిళ్ళు పెట్టినా, ముద్ర వేసి సంతకం చేసిన కాగితం వాళ్ళ ఫాక్సు మిషన్లోంచి బయటికి వస్తే తప్ప నమ్మరు. నేను రోజూ పొద్దున్నే గుడివాడలో రైలెక్కి, పెడనలో దిగి, ఆ షెడ్డు ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు పన్నెండేళ్ళు కూర్చున్నాను. ఉత్తరాలు, బిల్లులు, ఫాక్సులు, అన్నీ నేనే.

ఆ కంప్యూటరు ఎవరో ఎప్పుడో పెట్టిపోయిన లినక్సు. మౌసుతో నొక్కే బొమ్మల తెర ఏనాడో పాడైపోయింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. ఫాక్సు పంపమంటే అది వెంటనే పంపదు. ఒక నంబరిచ్చి వరుసలో పెడుతుంది. అవతల లైను ఎంగేజ్ ఉంటే కాసేపాగి మళ్ళీ డయల్ చేస్తుంది. వరుసలో ఉన్నంతసేపూ మాత్రం దాని రాత మన చేతిలోనే. ఫాక్స్‌ఆల్టర్ అని కొట్టి, మారాల్సింది చెప్పి, చివర ఆ నంబరు ఇస్తే చాలు. అవతలివాళ్ళ ఫోన్ నంబరు మార్చొచ్చు, ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పొచ్చు, ఎన్ని గంటలకు బయలుదేరాలో చెప్పొచ్చు. నాకెవరూ నేర్పలేదు. తప్పులు కొట్టి, నన్ను నేనే తిట్టుకుని నేర్చుకున్నాను. ఎంత పొగరో నాకు ఆ విద్య మీద!

నా పన్నెండో ఏటికి షెడ్డులో అద్దకం బల్లలు ఆరే మిగిలాయి. మొదటి బల్ల బాబాయిది. చుట్టమేం కాదు, పిలుపు అలా అలవాటైంది. అరవై దాటిన మనిషి. చెక్క అచ్చు రంగులో ముంచి, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేశాడంటే పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. చిన్నప్పుడే ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు, ఇంకో పని రాదు. మిగిలిన ఐదు బల్లలవాళ్ళూ ఏదో ఒకటి చేసుకుని బతుకుతారు. ఈయన ఏం చేస్తాడు?

ఓనరుగారి మనసు అప్పటికే కోడూరు వైపు రొయ్యల చెరువుల మీదకి వెళ్ళిపోయింది. వారంలో ఐదు రోజులు అక్కడే. దాపరికం లేకుండా చెప్పేశారు. "ఈ ఏడు జపాన్ ఆర్డరు వస్తే షెడ్డు నడుపుతానమ్మా. రాలేదా, అచ్చులు మూట కట్టేసి మేత బస్తాలు వేసుకుంటాను."

ఆర్డరు దాదాపు వచ్చినట్టే. ధర కుదిరింది, నమూనాలు నచ్చాయి. ఒప్పుకుంటున్నామని సంతకం చేసిన ఒక్క పేజీ పంపాలి. శుక్రవారం సాయంత్రం వాళ్ళ టైము ఐదులోపు అందాలి, లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. అక్కడ ఐదంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర.

శుక్రవారం ఓనరుగారు కోడూరులో సంతకం చేసి కారు డ్రైవరుతో పంపిన కాగితం నా చేతికొచ్చేసరికి పదీ ఇరవై. స్కాన్ చేసి వరుసలో పెట్టాను. మొదటిసారి ఎంగేజ్. రెండోసారి డయల్ చేసేలోపు ఓనరుగారి ఫోను.

"పంపేశావా అమ్మా?"

"వరుసలో ఉందండీ. ఇంకో రెండు నిమిషాల్లో వెళ్తుంది."

"ఆపాపు! ఇవాళ శుక్రవారం కదా, పదిన్నర నుంచి రాహుకాలం. పన్నెండు దాటనియ్."

ఒళ్ళు మండింది. అయినా పన్నెండూ ఐదుకి మార్చాను. ఇంకా గంటన్నర టైముంటుందిలే అనుకున్నాను.

పన్నెండు కావస్తుండగా బాబాయి గోడ క్యాలెండరు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. చేతులు కడుక్కోలేదు, వేళ్ళకి ఇంకా ఎర్ర రంగే. "అమ్మాయ్, ఓనరుగారు నాకు ఫోన్ చేసి వర్జ్యం చూడమన్నారు. పదకొండూ ముప్పై నాలుగు నుంచి ఒంటిగంటా పది దాకా ఉంది. ఆయనకి చెప్పేశాను. అది కూడా దాటాకే పంపమన్నారు."

"బాబాయ్, ఒకటిన్నరకి గడువైపోతుంది!"

"రెండు నిమిషాల పనని ఓనరుగారితో అన్నావటగా? మనందరి బతుకూ ఉన్న కాగితం అమ్మాయ్. చేజేతులా చెడ్డ ఘడియలో పంపుతామా?"

ఓనరుగారికి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు చాలవా అన్నారు. చాలకపోవచ్చండీ, లైను ఎంగేజ్ వస్తోందండీ అన్నాను. "శుభమా అని పంపుతుంటే అలా అంటావేంటమ్మా?" అని పెట్టేశారు.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ గదిలో నల్లతెర చదవగలిగేది నేనొక్కదాన్నే. ఫాక్సు వరుసలో ఉందో వెళ్ళిపోయిందో ఓనరుగారికి తెలీదు, బాబాయికి తెలీదు. ఊరుకుంటే పన్నెండూ ఐదుకి అదే వెళ్ళేది. నేను ఊరుకోలేదు. వర్జ్యాన్ని నమ్మి కాదు. ఆర్డరు రాకపోతే, వద్దంటున్నా వర్జ్యంలో పంపింది ఈవిడే అంటారని భయపడ్డాను. నా మీద మాట పడకూడదని, పన్నెండుకి రెండు నిమిషాల ముందు ఒకటింపావుకి మార్చాను. ఎప్పటిదాకా ప్రయత్నించి మానుకోవాలో ఆ గడువు కూడా గుర్తుపెట్టుకుని పొడిగించాను. అంత జాగ్రత్తగా చేశాను.

ఒకటింపావుకి డయల్ చేసింది. ఎంగేజ్. వారమంతా ఆగినవాళ్ళందరూ అక్కడి సాయంత్రం వేళకే అదే నంబరుకి పంపుతున్నారో ఏమో. ఒకటీ పద్దెనిమిదికి ఎంగేజ్. ప్రయత్నాల సంఖ్య పెంచాను. అన్నిటికన్నా ముందు దీన్నే పంపమని మార్చాను. తక్షణం వెళ్ళమని మార్చాను. వెళ్ళవే నా తల్లీ అని పైకే అంటున్నాను. అవతల లైను ఖాళీ లేకపోతే నా మార్పులన్నీ ఏం చేస్తాయి? బాబాయి తలుపు దగ్గర నిలబడి, నా వేళ్ళు టకటకలాడుతుంటే పని జరుగుతోందనుకుని చూస్తున్నాడు. ఒకటీ నలభై ఒకటికి వెళ్ళింది.

సోమవారం జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. మీ కాగితం గడువు తర్వాత అందింది, అప్పటికే వేరేచోట ఖాయం చేసుకున్నాం, మీ పనితనం అంటే మాకు ఎప్పటికీ గౌరవం అని. ఆర్డరు రాలేదని మాత్రం షెడ్డులో చెప్పాను. ఎందుకు రాలేదో చెప్పలేదు. ఓనరుగారు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, నెల తిరక్కుండా బల్లలు తీయించేశారు.

నేనిప్పుడు బందరులో ఒక ఆఫీసులో టైపు చేస్తున్నాను. పోయిన నెల పెడనలో దిగి షెడ్డు వైపు వెళ్ళాను. రొయ్యల మేత వాసన వీధి మొగదాకా వస్తోంది. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో బాబాయి కూర్చుని ఉన్నాడు. కాపలా ఉద్యోగం ఇచ్చారట. చేతులు తెల్లగా ఉన్నాయి. నేనాయన్ని రంగు లేని చేతులతో ఎప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది.

"ఎందుకు రాలేదంటావమ్మాయ్ ఆ ఆర్డరు?" అన్నాడు. "పనిలో లోపం లేదు. పోనీ టైమన్నా చూడకుండా పంపామా? నేనే దగ్గరుండి చూసి చెప్పానుగా."

"చూసే పంపాం బాబాయ్" అన్నాను.

"అదే నేనూ అనుకుంటుంటాను. నావల్ల అయింది నేను చేశాను."

"చేశావు బాబాయ్" అన్నాను.